బంకు వెనక బోరింగు

ఇనుప మూత బిగుసుకుపోయింది. భానుమతి మోకాళ్ళ మీద కూర్చుని, రెంచిని రెండు చేతులా పట్టుకుని బలంగా తిప్పితే కిర్రుమంటూ వదిలింది. మూత కింద సిమెంటులో పాతిన ప్లాస్టిక్ గొట్టం. దాని బిరడా తీసి, లోపలికి తొంగిచూడకుండా లేచి ఓ పక్కకి జరిగి నిలబడింది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్న మొదటి పాఠం అది. మూత తీసిన బావిని కాసేపు ఊపిరి తీసుకోనివ్వాలి.

బావి అంటే గిలకా చేదా ఉండే బావి కాదు. పిడికిలి పట్టేంత వెడల్పున భూమిలోకి దింపిన గొట్టం, అంతే. భవానీపూర్‌లో ఈ మూలమీది పెట్రోలు బంకు కింద నిరుడు చలికాలంలో ట్యాంకు పైపు చిట్లి పెట్రోలు నేలలోకి ఇంకిపోయింది. బంకు మూతబడింది. చుట్టూ రేకులు కట్టేశారు. భూగర్భజలంలో పెట్రోలు ఎంత కలిసింది, ఎటు పోతోంది, తగ్గుతోందా లేదా అన్నది మూడు నెలలకోసారి చూసి చెప్పాలని అధికారులు ఉత్తర్వు ఇచ్చారు. బంకు యజమానులు ఆ పనిని ఒక ప్రైవేటు సంస్థకి అప్పజెప్పారు. భానుమతి ఆ సంస్థలో సీనియర్ కెమిస్టు. ఇదివరకు చూసే అతను ఉద్యోగం మానేస్తే ఈసారి ఆమెని పంపారు.

సైటుకి రావడం మొదటిసారే గానీ, చోటు కొత్తది కాదు. రేకుల అవతలి సందులో, మూడంతస్తుల పసుపుపచ్చ ఇంటి మేడమీద వాటాలో ఆమె పుట్టింది. పదమూడేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగింది. ఆఫీసులో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. చెప్పవలసిన సంగతని కూడా ఆమెకి తోచలేదు.

కొలత టేపుని గొట్టంలోకి మెల్లగా జారవిడిచింది. టేపు చివరి కడ్డీకి నీళ్ళు తగిలితే ఆగి ఆగి కూస్తుంది, నీటి మీద పెట్రోలు తేలుతూ ఉంటే ఆపకుండా కూస్తుంది. ఇక్కడ ఆగి ఆగి కూసింది. లోతు రాసుకుంది. చిన్న పంపు దించి, గొట్టంలో నిలవున్న పాత నీటిని డ్రమ్ములోకి తోడసాగింది. ఆ నీటిని నేలమీద పారబోయకూడదు. మీటరు మీద అంకెలు కదలడం మానేదాకా తోడాలి. అప్పుడు వచ్చేదే భూమి లోపలి అసలు నీరు.

చేతి తొడుగులు మార్చుకుంది. వేలెడంత గాజు సీసాని వాల్చి పట్టుకుని, నీటి ధారని దాని గోడ వెంబడి, చప్పుడు కాకుండా జారనిచ్చింది. సీసా నిండి, మూతి మీద నీరు చిన్న గుమ్మటంలా ఉబికి నిలిచాక, ఆ గుమ్మటం చెదరకుండా మూత బిగించింది. తలకిందులు చేసి వేలితో తట్టి వెలుతురుకి ఎత్తి చూసింది. బుడగ లేదు. బుడగ ఉంటే నీటిలోని పెట్రోలు అందులోకి ఎగిరిపోతుంది. ఉన్నదానికంటే తక్కువ ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కుతుంది. సీసాని మంచుపెట్టెలో పెట్టింది.

అన్ని బావులూ ముగించి, నీటిమట్టాలన్నీ పక్కపక్కన వేసుకుని చూస్తే ఒక సంగతి తెలిసింది. భూమిలోపలి నీరు బంకు కింద నుంచి సందువైపు వాలుగా పోతోంది. అటు ఒక్కప్పుడు ఆదిగంగ ఏటి పాత పాయ ఉండేదట, నేలంతా ఇసుక. కానీ బావులన్నీ రేకుల లోపలే ఉన్నాయి. సందులో ఒక్కటీ లేదు.

పొద్దున సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఇంటినుంచి బయల్దేరుతున్నప్పుడు అమ్మ వెంకటసుబ్బమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతోంది.

"ఎక్కడికే ఇవాళ?"

"భవానీపూర్ అమ్మా. మన బంకు దగ్గరికే."

పిసికే చెయ్యి ఆగింది. "మన సందులోకేటి?"

"సందులోకి కాదు, బంకులోకి."

"అంత దూరం వెళ్ళి సందులోకి వెళ్ళకుండా వచ్చీడం ఏటే? ఆ బోరింగు నీళ్ళు ఓ సీసాడు పట్టుకురా. ఆ నీళ్ళతో చారు కాసి ఎన్నేళ్ళయిందో. ఈ రైల్వే నీళ్ళలో ఏటున్నాది, ఉప్పూ బ్లీచింగూ తప్ప."

అల్లుడు శ్రీనివాస రావు బూట్లు తొడుక్కుంటూ నవ్వాడు. "మళ్ళీ మొదలు. అత్తయ్యగారికి గంగోత్రి నీళ్ళు తెచ్చిచ్చినా ఆ బోరింగుతోనే పోలుస్తారు."

"నువ్వు తాగలేదు గనక అలాగంటన్నావు బాబూ" అంది ఆవిడ, ఏ మాత్రం తగ్గకుండా.

ఖాళీ సీసా భానుమతి సంచీలోనే ఉంది. మంచుపెట్టె వ్యాన్‌లో ఎక్కించి, డ్రైవరుని టీ తాగి రమ్మని పంపి, ఆమె రేకుల సందులోంచి బయటపడి మలుపు తిరిగింది.

సందు చిన్నదయిపోయినట్టు అనిపించింది. పసుపుపచ్చ ఇంటికి ఇప్పుడు గులాబిరంగు వేశారు. అయినా కింద అరుగు అదే, నున్నగా అరిగిన ఎర్ర గచ్చు. ఎవరింట్లోనో ఆవనూనెలో కలొంజీ, ఆ నల్లజీలకర్ర, వేగుతోంది. చిన్నప్పుడు ఆ ఘాటుకి అమ్మ ముక్కు మూసుకునేది. కొన్నేళ్ళయ్యాక తనే వంకాయ కూరలో వేసేది. నాన్న బ్యాంకు నుంచి వచ్చే వేళకి తమ్ముడు అశోక్‌కుమార్ ఈ అరుగు మీద కాళ్ళు ఊపుతూ కూర్చునేవాడు. మలుపులో నాన్న గొడుగు కొస కనబడగానే దూకి పరిగెత్తేవాడు. ఎండాకాలంలో కూడా నాన్న చేతిలో గొడుగు ఉండేది. మదరాసీ బాబు గొడుగు అని సందంతా నవ్వుకునేవారు. ఆంధ్రా అన్నా, తెలుగు అన్నా ఆ సందుకి వాళ్ళు మదరాసీలే. అమ్మ మదరాసీ బౌది, అంటే మదరాసీ వదిన.

అరుగు మీద ఒక ముసలావిడ అరటిపువ్వు ఒలుస్తోంది. తలెత్తి కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరే? మదరాసీ బౌది కూతురువి కాదూ? భాను?"

"నేనే, మీనా మాషీ." భానుమతికి బెంగాలీ దానంతటదే వచ్చింది, చిన్నప్పటి ముద్ద పలుకుతో సహా. సందు పిల్లలందరికీ ఆవిడ మాషీ, పిన్ని.

మీనా మాషీ నూనె మరకల చేతులు చీరకి తుడుచుకుని ఆమె గడ్డం పట్టుకుంది. మీ అమ్మ బతికే ఉందా, నీకెంతమంది పిల్లలు, ఈ టోపీ ఏమిటి, ఈ బూట్లేమిటి, ప్రశ్నలన్నీ ఒక్కసారే. భానుమతి జవాబులు చెబుతూనే అరుగు చివరికి చూసింది. బోరింగు అక్కడే ఉంది. ఆకుపచ్చ రంగు పోయి తుప్పు తేలింది. హేండిలు పట్టుకుని నొక్కితే అదే కూత, కిందికి వచ్చాక అదే 'ఠక్'.

ఆ చప్పుడుకి అశోకు కళ్ళముందు నిలిచాడు. ఇద్దరూ కలిసి హేండిలుకి వేళ్ళాడేవారు. వాడు నేలమీద కాలానకుండా గాల్లోకి లేచి, నీటితో పాటు కిందికి దిగేవాడు. వాన వెలిసాక బోరింగు గట్టు పక్కన నిలిచిన నీటిలో రంగులు తేలేవి. నీలం, ఊదా, బంగారు. వాడు పుల్లతో కలిపి, అవి మళ్ళీ వంకర్లు తిరుగుతూ కలుసుకునేదాకా గొంతుకూర్చుని చూసేవాడు. "అక్కా, ఇంద్రధనుస్సు కింద పడిపోయింది" అనేవాడు. తెలుగులోనే అనేవాడు. సందులో ఎంత బెంగాలీ మాట్లాడినా, ముచ్చటైన మాటలు వాడు తెలుగులోనే అనేవాడు.

నీళ్ళు వచ్చాయి. చేతి తొడుగు లాగేసి దోసిలి పట్టి మొహం దగ్గరికి తెచ్చుకుంది. ఇనుము వాసన, తడి ఇసుక వాసన, వాటి వెనక సన్నటి తీపి. కళ్ళు మూసుకుంది. ఇత్తడి బిందె మీద అమ్మ గాజుల చప్పుడు. కుంపటి మీద చారు మొదటి పొంగు. నాన్న స్నానం చేసి వచ్చాక తడి తువ్వాలు. ఈ తీపి ఆమెకి మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

"ఏడాదిగా ఈ నీళ్ళు పాడయ్యాయి తల్లీ" అంది మీనా మాషీ. "ఆ బంకు పగిలినప్పటి నుంచీనట. కొత్త కోడళ్ళు ముట్టుకోరు, వాసనంటారు. నేనే ఇంకా తాగుతున్నాను. నాకేమీ తెలియదు, ముసలి ముక్కు."

"అదేమిటి మాషీ, ఎప్పటిలాగే ఉన్నాయి కదా" అంది భానుమతి.

అనేసి, దోసిట్లో నీళ్ళు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోయాయి. ఆ తీపి పెట్రోలులోని బెంజీన్‌దని ఆమెకి బాగా తెలుసు. ల్యాబులో తెలుసు, ప్రతి సైటులోనూ తెలుసు. కళ్ళకి గంతలు కట్టినా చెప్పగలదు. ఈ సందులో మాత్రం అది అమ్మ వంటింటి వాసన. నిరుడు పైపు చిట్లితే వచ్చిన వాసన ముప్పై అయిదేళ్ళ కిందట తన గ్లాసులో ఎలా ఉంటుంది?

వ్యాన్ దగ్గరికి వెళ్ళి కొత్త సీసాలు తెచ్చింది. చాలాసేపు హేండిలు కొట్టి నీటిని వదిలేసింది. తర్వాత తొడుగులు వేసుకుని, మూతి మీద గుమ్మటం నిలిచేలా ఒక్కొక్క సీసా నింపి, తలకిందులు చేసి చూసింది. మొదటి సీసాలో బుడగ నిలిచింది. పారబోసి మళ్ళీ పట్టింది.

"మాషీ, నేను చెప్పేదాకా ఈ నీళ్ళు తాగకు. మొహం కూడా కడుక్కోకు."

"మరి నీళ్ళెక్కడివి? కార్పొరేషను కొళాయి అరగంట వస్తుంది" అంది మీనా మాషీ.

సీసాల మీద చీటీలు అంటించి, వ్యాన్‌లోంచి ల్యాబులో పనిచేసే మేరీరాణికి ఫోన్ చేసింది. మేరీరాణిది ఖరగ్‌పూర్. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు.

"మేరీ, జాబితాలో లేని నమూనా ఒకటి వస్తోంది. బెంజీన్‌తో పాటు ఇంకొకటి చూడు. ఇథిలీన్ డైబ్రోమైడ్."

"అదా? అది పెట్రోలులో ఎప్పుడో మానేశారు కదా."

"అందుకే చూడమంటున్నాను."

*

"తెచ్చేవా?" అంది వెంకటసుబ్బమ్మ తలుపు తీస్తూనే.

"లేదమ్మా. హేండిలు ఊడిపోయింది."

"ఎవరూ బాగు చేయించలేదేటి? మీ నాన్న ఉంటే మర్నాటికల్లా మేస్త్రీని లాక్కొచ్చీసేవారు." నిరాశ దాచుకోకుండానే ఆవిడ కంచం పెట్టింది. "మీనా కనబడిందా? పళ్ళున్నాయా దానికి? అశోకు నా కడుపులో ఉన్నప్పుడు ఎండలు మండిపోయీవి. కార్పొరేషను నీళ్ళు రాక బోరింగు దగ్గర బారుతీరి జనం. మీనా నన్ను నిలబడనిచ్చేది కాదు. నా బిందె పట్టుకెళ్ళి అందరికంటే ముందు పెట్టీసేది. 'బౌది రెండు ప్రాణాలకి తాగాలి' అని దెబ్బలాడీది."

భానుమతి ముద్ద నోట్లో పెట్టుకుని నమల్లేక కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ కథ విన్నప్పుడల్లా ఆమెకి మీనా మాషీ మీద ప్రేమ పొంగేది.

అశోకు ఎనిమిదో ఏట పోయాడు. రక్తంలో జబ్బు అన్నారు. ఎందుకొచ్చిందని నాన్న అడిగితే డాక్టరు పైకి చూపించాడు. ఆ ఏడాది లోపే వాళ్ళు ఆ సందు వదిలేశారు.

నాలుగో నాడు మేరీరాణి ఫోన్ చేసింది. భానుమతి ఆఫీసు మెట్లమీదికి వెళ్ళి తీసింది.

"ఉందే భానూ. రెండోసారి కూడా నడిపి చూశాను. బెంజీన్ చాలా ఎక్కువ. నువ్వడిగినది కొంచెమే, కానీ ఉంది. అనుమానమే లేదు."

ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం ఇంజనులో పేరుకోకుండా ఇథిలీన్ డైబ్రోమైడ్ కలిపేవారు. రెండు వేల సంవత్సరంతో సీసం పోయింది, దానితో ఇదీ పోయింది. నిరుడు కారిన పెట్రోలులో అది ఉండే వీలే లేదు. ఆ బంకు కిందనుంచి పెట్రోలు కారడం ఎప్పుడో, ఆమె చిన్నప్పుడే మొదలయిందన్నమాట.

"నీకెలా అనుమానం వచ్చింది?" అంది మేరీరాణి.

 "చిన్నప్పుడు ఆ నీళ్ళే తాగాను మేరీ" అంది భానుమతి.

"ఓ మా యేసయ్యా" అంది మేరీరాణి మెల్లగా.

ఆఫీసులో భానుమతి పై అధికారి దత్తా గారు ఫలితాల కాగితం రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు. భానుమతి తండ్రి పోయినప్పుడు ఆఫీసులో అందరికంటే ముందు వచ్చినవాడు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆ బోరింగు మన పరిధిలో లేదు. ఎందుకు తీశావు?"

"నీరు అటే పోతోంది సార్. అటు ఒక్క బావీ లేదు."

"ఇది పురుగులమందుల్లో కూడా ఉండేది భానుమతీ. గోదాముల్లో పొగ పెట్టేవారు. ఈ ఒక్క సీసా పట్టుకుని ఏనాటిదో పాపమంతా బంకు నెత్తిన రుద్దితే ఎలా? ఆదివారం సందువాళ్ళతో సమావేశం ఉంది. నిరుటి ప్రమాదం, ఏడాది ఇబ్బంది, ఇంటింటికీ ఒక ఫిల్టరు. అంతటితో సరిపెట్టుకోవడానికి వాళ్ళు దాదాపు ఒప్పుకున్నారు. ఎవరైనా అడిగితే ఈ పురుగులమందు సంగతి నువ్వే చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు."

భవానీపూర్ నడిబొడ్డున గోదాములెక్కడివి అని ఆమె అడగలేదు. అడిగితే తర్వాత చెప్పవలసిన మాట ఒకటుంది. తాను ఆ సందు మనిషినన్న మాట.

ఆ సాయంత్రం వెంకటసుబ్బమ్మ వరండాలో పీట వేసుకుని పచ్చిబఠాణీలు ఒలుస్తోంది. యార్డులోంచి లోకల్ రైలు కూతవేసి వెళ్ళింది. భానుమతి పక్కన చతికిలబడి ఒక గుప్పెడు కాయలు ఒళ్ళో వేసుకుంది.

"నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం నీది" అంది వెంకటసుబ్బమ్మ తలెత్తకుండా. "నీళ్ళు తెమ్మంటే తేలేదు. మీనా కోడలు నిన్న ఫోను చేసింది, నంబరు నువ్వే ఇచ్చేవటగా. హేండిలు బాగానే ఉన్నాదిట. నా దగ్గర అబద్ధం ఎందుకాడేవే?"

భానుమతి చెప్పింది. మొదట నిరుటి పైపు సంగతి, తర్వాత సందు సంగతి, ఆఖరున ఆ తీపి సంగతి, అది రక్తానికి చేసే చెడు సంగతి. ఎంత తేలిక మాటల్లో చెప్పినా ఎక్కడా తేలిక కాలేదు.

వెంకటసుబ్బమ్మ వేళ్ళు ఒలుస్తూనే ఉన్నాయి. కాయ చిట్లడం, గింజలు గిన్నెలో రాలడం.

"అంటే అప్పుడూ ఉన్నాదన్నమాట."

"ఉంది."

"అశోకుకి అందువల్లేనా?"

భానుమతి ఈ ప్రశ్న కోసం నాలుగు రోజులుగా జవాబు వెతుకుతోంది. కాదని చెప్పడానికి గొంతు సిద్ధంగా ఉంది. "తెలీదమ్మా" అంది. "అయ్యుండొచ్చు. కాకపోవచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నేనూ అవే తాగాను, నాకేమీ కాలేదు."

"వాడికి పాలలో నీళ్ళు కలిపి పట్టేదాన్ని" అంది వెంకటసుబ్బమ్మ. "కొళాయి నీళ్ళయితే వాడు ఉమ్మీసేవాడు."

గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మర్నాడు ఎప్పటిలాగే లేచింది. వంట చేసింది, బట్టలు మడిచింది. మధ్యాహ్నం ట్రంకుపెట్టె తీసి చాలాసేపు దాని ముందు కూర్చుని, ఏమీ బయటికి తియ్యకుండానే మూసేసింది. భానుమతి రెండుమూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

ఆదివారం పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే, వెంకటసుబ్బమ్మ మడత నలగని గద్వాల్ చీర కట్టుకుని గదిలోంచి వచ్చింది.

"నేనూ వస్తాను."

"అక్కడ నేను కంపెనీ తరఫున కూర్చుంటానమ్మా."

"కూర్చో. నేను మీనా పక్కన కూర్చుంటాను."

*

సందు క్లబ్బు గదిలో క్యారమ్ బోర్డులు గోడకి ఆనించి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక వైపు బల్ల వెనక దత్తా గారు, బంకు తరఫు వకీలు, కాలుష్య నియంత్రణ విభాగం నుంచి వచ్చిన ఒక చిన్న వయసు అధికారిణి. బల్ల చివర భానుమతి. ఎదురుగా సందులోని జనం. దోమతెర దుకాణం వాళ్ళు, ఇస్త్రీ బండి అతను, కొత్త కోడళ్ళు. ముందు వరసలో మీనా మాషీ, ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని వెంకటసుబ్బమ్మ. ఇద్దరూ కలుసుకున్నప్పుడు ఏడుస్తారనుకుంది భానుమతి. ఏడవలేదు. "సన్నబడ్డావు బౌది" అంటే "నీకు పళ్ళున్నాయే" అంది అమ్మ, అంతే.

వకీలు చక్కగా మాట్లాడాడు. నిరుటి ప్రమాదానికి యజమానులు చింతిస్తున్నారు. నీటిలో పెట్రోలు తగ్గుతోంది. ఏడాదిపాటు కలిగిన ఇబ్బందికి ఇంటికో ఫిల్టరు, కావాలంటే ఒకసారి వైద్య పరీక్ష. "అంతకుముందు ఈ నీటితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎవరూ ఫిర్యాదు చేసిన దాఖలా కూడా లేదు" అన్నాడు.

"నేను చేశాను" అంది వెంకటసుబ్బమ్మ.

గది అంతా తిరిగి చూసింది. ఆవిడ లేవలేదు. నలభై ఏళ్ళ కిందటి బెంగాలీ ఆవిడది, క్రియలు అటూ ఇటూ అవుతున్నాయి. అయినా ఎవరూ నవ్వలేదు.

"నేను పెళ్ళయి ఈ సందుకి వచ్చిన మొదటి వారం. గ్లాసెత్తితే వాసన. మా ఆయనతో చెప్పాను. ఆయన బంకు మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పారు. 'ఇది గంగ మట్టి వాసన, మదరాసు నుంచి వచ్చిన కొత్త కోడలికి అలవాటు లేదు, అలవాటవుతుంది' అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను." ఆవిడ మీనా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అలవాటయింది. అలవాటయ్యాక అది తీపిగా ఉంది. ఇక్కడినుంచి వెళ్ళిపోయాక ఏ ఊరి నీళ్ళు తాగినా నాకు రుచించలేదు. మొన్న కూడా నా కూతుర్ని ఒక సీసా తెమ్మన్నాను."

భానుమతికి ఈ సంగతి తెలియదు. అమ్మకి మొదట్లో ఆ వాసన గిట్టలేదని, నాన్న వెళ్ళి అడిగారని ఎప్పుడూ వినలేదు. తను మోసుకొచ్చిన ఆ తీపి అమ్మ నేర్చుకున్నదన్నమాట. అమ్మ నేర్చుకుని పిల్లలకి పెట్టిందన్నమాట.

వకీలు సౌమ్యంగా నవ్వాడు. "అమ్మా, జ్ఞాపకాలు సాక్ష్యాలు కావు."

అధికారిణి కలం పక్కన పెట్టి దత్తా గారివైపు చూసింది. "పాత పెట్రోలు ఆనవాలేమైనా పరీక్షల్లో వచ్చిందా?"

"మా కెమిస్టు చెబుతారు" అన్నాడు దత్తా గారు. ఆయన చూపులో ఆజ్ఞ లేదు, బతిమాలడం ఉంది. అదే కష్టమనిపించింది భానుమతికి.

లేచి నిలబడింది. "బోరింగు నీటిలో ఇథిలీన్ డైబ్రోమైడ్ ఉంది. సీసం కలిపిన కాలంలో పెట్రోలులో ఉండేది. పురుగులమందుల్లో కూడా ఉండేదని చెప్పమన్నారు. నిజమే, ఉండేది. కానీ ఈ చుట్టుపక్కల పొలాలు లేవు, గోదాములు లేవు. నీరు బంకు కిందనుంచి ఇటే వస్తోంది. ఇది పాత పెట్రోలే." అధికారిణివైపు తిరిగింది. "ఇంకో మాట. ఈ పరీక్ష నా చేత చేయించకూడదు. నేను ఈ సందులో పుట్టాను. ఆ మాట్లాడినావిడ మా అమ్మ. పదమూడేళ్ళు నేను ఈ నీళ్ళే తాగాను. అది మా ఆఫీసులో ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. నా మీద అనుమానం ఉంటే వేరేవాళ్ళ చేత మళ్ళీ తీయించండి. అదే వస్తుంది."

మెడలో వేళ్ళాడుతున్న గుర్తింపు కార్డు తీసి దత్తా గారి ముందు పెట్టింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ముందు వరసలో ఖాళీ కుర్చీ లేకపోతే అమ్మ కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. వెంకటసుబ్బమ్మ ఆమెవైపు చూడలేదు. చెయ్యి మాత్రం వచ్చి ఆమె తలమీద ఆనింది.

*

వేరే ల్యాబువాళ్ళు వచ్చి మళ్ళీ నమూనాలు తీశారు. అదే వచ్చింది. సందులో రేకుల అవతల కొత్త బావులు దింపారు. బోరింగు హేండిలు ఊడదీసి పట్టుకుపోయారు. పొద్దునా సాయంత్రం ట్యాంకరు వస్తోంది. ఎన్నాళ్ళు వస్తుందో తెలియదని మీనా మాషీ రోజూ ఫోనులో సణుగుతోంది. ఇంకా తేలవలసినది చాలా ఉంది. దత్తా గారు భానుమతిని ఆ సైటు నుంచి తప్పించి హల్దియా పనికి మార్చాడు. కార్డు తిరిగి ఇస్తూ, "ముందే చెప్పి ఉంటే నేను నిన్ను పంపేవాణ్ణే కాదు" అన్నాడు. "తెలుసు సార్" అంది ఆమె. ఆయన ఆమె మీద కోపంగానే ఉన్నాడు. ఆ కోపం న్యాయమేనని ఆమెకి అనిపించింది.

ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళందరికీ, సందు వదిలి వెళ్ళినవాళ్ళకి కూడా, రక్తపరీక్ష చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. క్లబ్బు గదిలోనే శిబిరం పెట్టారు. ఎక్కడెక్కడినుంచో వచ్చారు. బరానగర్ నుంచి, దుర్గాపూర్ నుంచి. భానుమతి గుర్తుపట్టని మొహాలు, వాళ్ళు మాత్రం గుర్తుపట్టారు. నీ తమ్ముడు నా గాలిపటం చింపాడు తెలుసా అన్నాడొక బట్టతలాయన. మీ నాన్న గొడుగు కింద నడిచి బడికెళ్ళాను అందొకామె. టీ వచ్చింది, మళ్ళీ టీ వచ్చింది. కాసేపటికి అది జబ్బుల శిబిరంలా లేదు, పండగ పూజలకి సందంతా ఒకచోట చేరినట్టుంది. ఎవరో నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవారు. మళ్ళీ మాట కలుపుకునేవారు.

నర్సు వెంకటసుబ్బమ్మ కుడిచేతికి రబ్బరు పట్టీ బిగించి, వేలితో నొక్కి నొక్కి చూసింది. నరం దొరకలేదు. ఒకసారి గుచ్చి, తీసేసి, "క్షమించండి మాషీమా" అంది.

"కంగారు లేదమ్మా, మెల్లగా చూడు" అంది వెంకటసుబ్బమ్మ బెంగాలీలో. "మా అశోకుకీ ఇంతే. వాడివి నా చేతులే. డాక్టరు గుచ్చి గుచ్చి విసుక్కునేవాడు. వాడే చెప్పేవాడు, ఎడమ చెయ్యి చూడండి, మణికట్టు పక్కన ఉంటుంది, దాక్కుంటుంది అని."

నర్సు ఎడమ చెయ్యి తిప్పి చూసింది. మణికట్టు పక్కన సన్నటి నీలిగీత. "నిజమే, ఇక్కడుంది" అంది సంతోషంగా. దూది తడుపుతూ, మాటవరసకి అడిగింది. "మీ అబ్బాయి వచ్చారా? ఆయనది కూడా ఈ సందేనా?"

మీనా మాషీ చప్పున తల తిప్పుకుంది. భానుమతి లేవబోయింది.

"ఈ సందే" అంది వెంకటసుబ్బమ్మ. సూది దిగుతుంటే చెయ్యి కదల్చలేదు. "పేరు రాసుకో. అశోక్‌కుమార్. ఈ నీళ్ళు తాగినవాళ్ళలో వాణ్ణి కూడా రాసుకో."

నర్సు తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. పట్టీ వదులు చేసి, దూది పెట్టి, ఆవిడ చెయ్యి మడిచి కాసేపు తన చేత్తో పట్టుకుంది. తర్వాత కలం తీసుకుంది.

పక్క కుర్చీలో భానుమతి చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటోంది.